మేనత్తని లెక్కపెట్టని ఫారం

ఇక్కడ న్యూజెర్సీలో నలభై దాటాక మామోగ్రాంకి వెళితే ముందు ఒక ప్రశ్నల కాగితం చేతిలో పెడతారు. ఎన్నో ఏట పెద్దమనిషివయ్యావు? తొలి కాన్పు ఎన్నేళ్లకి? తల్లికి, అక్కచెల్లెళ్లకి, కూతుళ్లకి ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా? మొదటి ప్రశ్నకి తెలుగు ఆడవాళ్లంత కచ్చితంగా ఎవరూ జవాబు చెప్పలేరు. తెనాలిలో నన్ను పీట మీద కూర్చోబెట్టి, చిమ్మిలి తినిపించి, వీధి వీధంతా పేరంటానికి పిలిచారు. తేదీతో సహా ఆల్బం ఉంది.

మేనత్త నలభై దాటీ దాటకుండానే పోయింది. ఒంట్లో బాగాలేక, అన్నదొక్కటే పిల్లలకి తెలిసిన కారణం. మొన్న ఫోనులో గుచ్చి గుచ్చి అడిగితే అమ్మ గొంతు తగ్గించింది. "రొమ్ములో గడ్డే. గుంటూరు తీసుకెళ్లేసరికే చంకలోకి దిగింది. ఇప్పుడెందుకే అవన్నీ?" ఇంట్లో తనొక్కతే ఉంది. అయినా గుసగుసే.

ఎందుకంటే, ఆ కాగితం వెనకాల ఉండి ముప్పు అంచనా కట్టే గెయిల్ లెక్క మేనత్త గురించి అడగదు. కానీ రొమ్ముకీ అండాశయాలకీ క్యాన్సర్ ముప్పు పెంచే బి.ఆర్.సి.ఎ. జన్యువుల లోపం ఉంటే అది తల్లి నుంచి ఎంత వస్తుందో తండ్రి నుంచీ అంతే వస్తుంది. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ 17వ క్రోమోజోము మీద జాడ పట్టుకున్నది వీటిలో మొదటిదాన్నే. అత్తకి అది ఉండుంటే నాన్నకి సగం అవకాశం, నాకు పాతిక శాతం. నాన్న ఇప్పుడు లేరు.

"పదిమందిని కని ఏళ్ల తరబడి పాలిచ్చిన మన అమ్మమ్మలకి ఈ జబ్బులున్నాయా?" అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. పూర్తిగా అబద్ధం కాదు. 1926లోనే ఇంగ్లండులో జానెట్ లేన్ క్లేపన్, రోగమున్న స్త్రీలనీ లేనివాళ్లనీ పోల్చి, కాన్పులు తక్కువైనవాళ్లకి ముప్పు ఎక్కువని చూపించింది. 2002లో 30 దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే ఒక్కో కాన్పుకి 7 శాతం, పాలిచ్చిన ఒక్కో ఏడాదికి 4.3 శాతం ముప్పు తగ్గింది. అయితే కాన్పయిన కొన్నేళ్ల పాటు ముప్పు కొంచెం పెరుగుతుంది కూడా. ఆ మాట ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. పైగా ఇవి మామూలు స్త్రీల లెక్కలు. మొదటి జన్యువులో లోపమున్నవాళ్లకి ఏడాదికి పైగా పాలివ్వడం కొంత మేలు చేసినట్టు కనిపించింది, రెండోదానిలో అది కనిపించలేదు. ఎనభై ఏళ్లొచ్చేలోగా వందలో డెబ్బైమంది దాకా జబ్బు పడే చోట, అత్త ముగ్గుర్ని కని ముగ్గురికీ పాలిచ్చిందన్నది ఏ మూలకి?

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది ఆ కాగితంలోని మరో ప్రశ్న: అండాశయాలు తీసేశారా? మా చిన్నత్తకి, పిన్నికి, ఇద్దరు పెద్దమ్మలకి "గర్భసంచి తీసేశారు". ముప్పైల్లోనే, తెల్లబట్టకీ నడుంనొప్పికీ. ఈ ఆపరేషన్ల లెక్కలో ఆంధ్ర, తెలంగాణ దేశంలో ముందు వరుసలో ఉన్నాయని 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దాంతోపాటు అండాశయాలూ పోయాయో లేదో మా వాళ్లలో ఒక్కరికీ తెలీదు, కాగితాలు లేవు. అండాశయాలే లేకపోతే వాటికి క్యాన్సర్ దాదాపు రాదు, చిన్న వయసులో తీసేస్తే రొమ్ముకీ కొంత తగ్గొచ్చు. అంటే ఆ లోపం మా ఇంట్లో తిరుగుతున్నా మా ఆడవాళ్లు ఆరోగ్యంగానే కనిపించొచ్చు.

జెనెటిక్ కౌన్సిలర్ వంశవృక్షం గీస్తూ, మీ అమ్మానాన్నలు చుట్టాలా అనడిగింది. మేనరికం అన్నాను. వాళ్ల మధ్య రెండు గీతలు గీసింది. మా నాయనమ్మ మా అమ్మ తండ్రికి సొంత అక్క. ఇంక తండ్రి వైపు, తల్లి వైపు అని విడదియ్యడానికి మాకు వైపులేవి!

ముందు అత్త కూతురు పరీక్ష చేయించుకుంటే మేలని ఆవిడ సలహా. వదినకి లోపం ఫలానా చోట ఉందని తేలితే, నాలో సరిగ్గా అక్కడే వెతకొచ్చు. వదిన విన్నంతసేపూ విని, "పిల్లకి సంబంధాలు చూస్తున్నామే. ఆ ముహూర్తం కానీ," అంది. కోపమొచ్చింది కానీ ఏమీ అనలేకపోయాను. ఇక్కడ 2008 చట్టం ప్రకారం జన్యు పరీక్ష చూసి ఉద్యోగం తియ్యకూడదు, ఆరోగ్య బీమా నిరాకరించకూడదు. జీవిత బీమాకి ఆ రక్షణ లేదు. అందుకే ముందు పాలసీ తీసుకుని ఆ తర్వాత రక్తం ఇమ్మని నా స్నేహితురాళ్లే చెప్పారు, నేనూ ఆ పనే చేస్తున్నాను. వదిన సంబంధం కోసం ఆగుతోంది, నేను పాలసీ కోసం.

పెళ్లి మాఘంలో అనుకుంటున్నారు. అయ్యాక హైదరాబాదులో రక్తం ఇస్తానంది. రిపోర్టు వస్తే ముందు నాకే పంపమన్నాను. "మీ అన్నయ్యకి కూడా చెప్పనులే," అంది. కూతురికి మాత్రం చెప్పాలి వదినా అంటే అటునుంచి జవాబు లేదు.