అప్పు – పరపతి

ఒకనాడు హిందీ వ్యాసమొకటి తెలుగు చేస్తూ ‘సాఖ్’ అనే మాట దగ్గర ఆగిపోయాను. ‘అప్పు’ అని వ్రాసి, వెంటనే కొట్టివేశాను.

అప్పు అంటే ఏమిటో మా అమ్మకు తెలుసు. నా పరీక్ష రుసుము కోసం ఆమె తన గాజులను తాకట్టు పెట్టి, షావుకారు కాగితంపై వేలిముద్ర వేసింది. సిరా అంటిన ఆ బొటనవ్రేలిని కొంగుచాటున దాచుకొని ఇంటికి వచ్చింది. గాజులు మాత్రం తిరిగి రాలేదు.

1974లో అహమ్మదాబాదులో కూరగాయలు అమ్మేవారు, బీడీలు చుట్టేవారు, బరువులు మోసేవారు మొదలైన నాలుగువేలమంది స్త్రీలు తలకు 10 రూపాయల చొప్పున వేసుకొని ‘సేవా’ సహకార బ్యాంకును నెలకొల్పుకొన్నారు. ఇలా భట్ వారికి మార్గదర్శి. వారిలో అనేకులకు సంతకం రాదు. అందుచేత ఖాతాదారును గుర్తించడానికి ఆమె ఛాయాచిత్రాన్నే ఆధారం చేసుకొన్నారు. అక్కడ స్త్రీ దాచుకొనవలసినది వ్రేలు కాదు, పైకమే.

అయితే పేదరాలి చేతికి డబ్బు అందినంతనే మేలు జరుగుతుందనలేము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వారంవారం వాయిదాల కోసం సూక్ష్మఋణ సంస్థల మనుషులు ఇళ్లమీదికి వచ్చారు. ఆత్మహత్యల వార్తలు వెలువడ్డాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. అది అప్పే గాని, సాఖ్ కాదు.

ఋణమిచ్చే సంఘాన్ని మనవారు పరపతి సంఘమన్నారు. నలుగురిలో మనిషికి గల మాట చెల్లుబడి కూడా పరపతియే. కొట్టివేసిన చోట ఆ మాటనే వ్రాశాను. మా అమ్మకు ఏనాడూ దక్కనిది అదే.