భుజాన కార్బైన్... బరువెవరిది?

అనంతపురం జిల్లాలో ఓ నాయకుడి స్థాయిని కొలవడానికి ఒకప్పుడు రెండంకెలు చాలు. 'వన్ ప్లస్ వన్'... 'టూ ప్లస్ టూ'! బడి గుమ్మం తొక్కని అవ్వకు కూడా ఈ లెక్క తెలుసు. టూ ప్లస్ టూ అంటే ఒక షిఫ్టులో ఇద్దరు, మరో షిఫ్టులో ఇద్దరు. మొత్తం నలుగురు గన్‌మెన్. పెళ్లికైనా, పరసకైనా, చావు పలకరింపుకైనా సుమో వచ్చి ఆగిందంటే జనం కళ్లు ముందు సీటు మీదికి పోవు. వెనక తలుపు తీసుకుని దూకే సఫారీ డ్రెస్సు మనిషి మీదికి పోతాయి. అతని భుజాన వేలాడే నల్లటి పొట్టి తుపాకీ మీదికి, ఎడమ పక్కకు పొడుచుకొచ్చిన వంకర మ్యాగజైన్ మీదికి పోతాయి.

"ఏమప్పా, ఎన్ని గుండ్లు పడతాయి ఇందులో?" అని టీ బంకు దగ్గర ఎవరో ఒకరు అడక్క మానరు. అతను నవ్వి ఊరుకుంటాడు.

ముప్ఫై నాలుగు. అదీ జవాబు. ఆ ముప్ఫై నాలుగు తూటాల కథ తెలిస్తే అతను ఎందుకు నవ్వి ఊరుకుంటాడో అర్థమవుతుంది.

స్టెన్ కాదు... స్టెర్లింగ్!

సీమలో దీన్ని స్టెన్‌గన్ అనే అంటారు. పత్రికలూ ఏళ్ల తరబడి అలాగే రాశాయి. పోలీసులు మాత్రం 'కార్బైన్' అంటారు. అసలు పేరు 9 ఎం.ఎం. కార్బైన్ 1ఏ1. ఆయుధాల్లో దీని జాతి సబ్‌మెషిన్‌గన్. అంటే పిస్తోలులో వాడే చిన్న తూటానే మెషిన్‌గన్‌లా వరసపెట్టి కాల్చే చేతి తుపాకీ. ఏకే-47 ఈ జాతిది కాదు. అందులో పడేది అంతకన్నా శక్తిమంతమైన రైఫిల్ తూటా. దాని దూరం వేరు, దెబ్బ వేరు.

మరి స్టెన్ అన్న పేరు ఎలా వచ్చింది? 1940లో డంకర్క్ తీరం నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలు దక్కించుకుని వెనక్కొచ్చింది గానీ ఆయుధాలు అక్కడే వదిలేసింది. అమెరికా నుంచి థాంప్సన్ గన్‌లు తెప్పించుకుందామంటే ఖరీదు ఎక్కువ. చవగ్గా, త్వరగా తయారయ్యే తుపాకీ కావాలి. రెజినాల్డ్ షెపర్డ్, హెరాల్డ్ టర్పిన్ అనే ఇద్దరు 1941లో దాన్ని తయారుచేశారు. ఇద్దరి పేర్లలోని మొదటి అక్షరాలకు ఎన్‌ఫీల్డ్ ఆయుధ కర్మాగారం పేరు తోడై 'స్టెన్' అయింది. ఒక ఇనుప గొట్టం, ఒక స్ప్రింగు, ఒక బరువైన బోల్టు... ముఖ్యంగా ఉన్నవి అవే! మార్క్-3 రకాన్ని తయారుచేసింది పిల్లల బొమ్మలు చేసే లైన్స్ బ్రదర్స్ కంపెనీ అంటే ఎంత తేలికైన పనో ఊహించుకోవచ్చు. మార్క్-2, మార్క్-5, చప్పుడు రాకుండా సైలెన్సర్ బిగించిన రకాలు... అన్నీ కలిపి దాదాపు 40 లక్షల స్టెన్‌లు తయారయ్యాయి.

చవకకు తగ్గ చిక్కులూ ఉన్నాయి. చెయ్యి జారి కిందపడితే దానంతటదే పేలేది. అవసరమైనప్పుడు మొరాయించేది. 1942 మే 27న ప్రేగ్ నగరంలో నాజీ అధికారి హైడ్రిచ్‌ను చంపడానికి వెళ్లిన గాబ్చిక్ చేతిలోని స్టెన్ పేలనే లేదు. పక్కనున్న కుబిష్ బాంబు విసిరితేనే పని జరిగింది.

ఆ లోపాలన్నీ సరిదిద్దినవాడు జార్జ్ ప్యాచెట్. స్టెర్లింగ్ కంపెనీలో ఆయన రూపొందించిన తుపాకీని 1953లో బ్రిటిష్ సైన్యం తీసుకుంది. మన గన్‌మన్ భుజాన వేలాడింది దీని వారసురాలే. కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో 1963 నుంచి దీన్ని 1ఏ1 పేరుతో తయారుచేశారు. సైలెన్సర్ ఉన్న రకం 2ఏ1. కట్ట మడిస్తే మూరెడు పొడవు. తూటాలు లేకుండా 2.7 కిలోల బరువు. 1977లో వచ్చిన 'స్టార్‌వార్స్' సినిమాలో తెల్ల కవచాల సైనికులు పట్టుకున్న వింత తుపాకులు కూడా స్టెర్లింగ్‌లకు వేషం మార్చినవే!

ప్యాచెట్ చేసిన ఓ చిన్న పనిని అనంతపురం వాళ్లు తప్పక మెచ్చుకుంటారు. తుపాకీ లోపల ముందుకూ వెనక్కూ కదిలే బోల్టు ఒంటి మీద మెలికలు తిరిగిన గట్లు పెట్టాడాయన. లోపలికి చేరిన దుమ్మును ఆ గట్లే గీకి బయటికి నెట్టేస్తాయి. కరవు నేల మీద ఎర్రమట్టి రోడ్ల దుమ్ములో రోజంతా జీపుల వెనక తిరిగే తుపాకీకి ఇంతకన్నా ఏం కావాలి?

నాలుగు సెకన్లు

దీని పనితీరు తేలిక. గుర్రం లాగి పెడితే బోల్టు వెనకే ఆగి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు దాన్ని ముందుకు తోస్తుంది. అది మ్యాగజైన్‌లోంచి ఒక తూటాను లాక్కెళ్లి పేలుస్తుంది. ఆ పేలుడు ఊపుకే మళ్లీ వెనక్కొస్తుంది. మీట 'వరస' మీద ఉంటే, వేలు తీసేదాకా ఇదే తంతు. నిమిషానికి సుమారు 550 తూటాల వేగం. అంటే ముప్ఫై నాలుగు తూటాలూ నాలుగు సెకన్లలోపే ఖాళీ!

అనంతపురంలో ఏడాది పొడుగునా కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ తుపాకీ నిమిషంలో కురిపించగలిగేదీ అంతే అంకె.

ఇది పుట్టింది కందకాల కోసం, ఇల్లిల్లూ దూరి చేసే యుద్ధం కోసం. దగ్గరున్న శత్రువు మీద తూటాల జల్లు కురిపించడమే దీని పని. గురి రెండో సంగతి. వంద గజాలు దాటితే నమ్మకం తగ్గుతుంది. అలాంటి ఆయుధాన్ని పెళ్లి పందిట్లో, పార్టీ సభలో, సంత నడుమ మోసుకుతిరగమంటే? ఎదుటివాడు కొడవలెత్తితే గన్‌మన్ ట్రిగ్గర్ నొక్కాలి. కానీ కొడవలెత్తినవాడి వెనక ఎవరో తల్లి చంకలో బిడ్డ ఉంటుంది. అటుపక్క నాయకుడి బంధువులుంటారు. ఆలోచించుకోవడానికి అతనికి ఉండే సమయం కూడా ఆ నాలుగు సెకన్లే.

ఆపలేని చావులు

ఫ్యాక్షన్‌కు సొంత ఆయుధాలు ఉన్నాయి. రాయి, వేటకొడవలి, నాటుబాంబు. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చాక ఇవన్నీ తెలుగు తెరకూ అలవాటైపోయాయి. కార్బైన్ మాత్రం ఊరి ఆయుధం కాదు, ప్రభుత్వానిది. అది పక్కన నిలబడిందంటే 'సర్కారు ఈయన వెనక ఉంది' అని చెప్పకుండానే చెప్పినట్టు. అందుకే దాని కోసం అర్జీలు, సిఫార్సులు, కోర్టు గుమ్మాలు! ప్రాణభయం ఉన్నవాళ్లు అడిగారు. పరపతి కావాల్సినవాళ్లూ అడిగారు. రెంటికీ మధ్య గీత గీయడం అధికారులకు ఏనాడూ తేలిక కాలేదు.

అంతా చేసి, అది ప్రాణాలు కాపాడిందా? 1997 నవంబరు 19న హైదరాబాద్‌లో పరిటాల రవి లక్ష్యంగా కారుబాంబు పేలింది. ఆయన బయటపడ్డారు గానీ 26 మంది బలయ్యారు. కారుబాంబు ముందు ఏ కార్బైన్ ఏం చేస్తుంది? 2005 జనవరి 24న సాక్షాత్తూ అనంతపురంలో, పార్టీ కార్యాలయం దగ్గర పట్టపగలు ఆయన్ని కాల్చి చంపారు. ఆ తరవాత జిల్లా చాలా రోజులు నిద్రపోలేదు.

కాపలా తుపాకీ వెనక్కి తిరిగిన రోజూ దేశానికి గుర్తే. 1984 అక్టోబరు 31న ప్రధాని ఇందిరాగాంధీ మీద బియాంత్ సింగ్ రివాల్వర్ పేల్చాడు. సత్వంత్ సింగ్ చేతిలో ఉన్నది ఈ జాతి తుపాకీయే. తుపాకీకి ఎవరి పక్షమూ ఉండదు. పక్షం ఉండేది దాన్ని పట్టుకున్న మనిషికే.

అతనిదీ ఓ ఊరే

ఆ మనిషి సంగతే ఎవరికీ పట్టదు. చాలామంది గన్‌మెన్ ఈ నేల బిడ్డలే. ఎక్కడో నాలుగెకరాల వేరుశనగ, ఎండిపోయిన బోరు, 'జీతమొచ్చే ఉద్యోగం ఒకటుంటే చాలు నాయనా' అన్న తల్లిదండ్రులు. సాయుధ రిజర్వులో కానిస్టేబుల్‌గా చేరితే ఒకరోజు ఫలానా నాయకుడి దగ్గర డ్యూటీ పడుతుంది. ఆ రోజు నుంచి ఊళ్లో అతని పేరు మారిపోతుంది. 'ఫలానా వర్గం గన్‌మన్'! పగ అతనిది కాదు. పొలం గట్టు తగాదా అతనిది కాదు. అయినా కారుకు ఎదురొచ్చే బాంబుకు ఆ తేడా తెలియదు.

అందరూ తిన్నాక తింటాడు. నాయకుడు పడుకున్నాక ఒరుగుతాడు. పండక్కి ఇంటికెళ్లడం అతని చేతిలో లేదు. ఇంట్లో ఆయనకోసం చూసే భార్య టీవీలో జిల్లా పేరు వినబడితే చాలు, గరిటె వదిలేసి వస్తుంది. ప్రభుత్వం మారితే టూ ప్లస్ టూ వన్ ప్లస్ వన్ అవుతుంది. రేపు ఇంకొకరి దగ్గర డ్యూటీ. నిన్నటిదాకా అనుమానంగా చూసిన మనిషికే ఇవాళ అడ్డంగా నిలబడాలి.

ఇప్పుడు కొత్త తుపాకులు వస్తున్నాయి. సైన్యం, డీఆర్‌డీవో కలిసి 2021లో 'అస్మి' అనే 9 ఎం.ఎం. మెషిన్ పిస్టల్‌ను రూపొందించాయి. దాన్ని హైదరాబాద్‌లోని లోకేశ్ మెషీన్స్ తయారుచేస్తోంది. 2024లో సైన్యం నుంచి ఆర్డరు కూడా వచ్చింది. కాన్పూర్ కార్బైన్ కన్నా తేలిక, కన్నా పొట్టి. 2022లో జిల్లా కూడా రెండైంది. సుమోల కాలమూ పోయింది.

కానీ ఎంత తేలికైన తుపాకీ వచ్చినా, దాన్ని మోసేవాడి పని తేలిక కాదు. గన్‌మన్ భార్యకు రకాలూ నమూనాలూ అక్కర్లేదు. డ్యూటీ దిగేటప్పుడు ఆయుధాగారంలో తుపాకీ ఒప్పజెప్పాలి. తూటాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టించాలి. ఒక్కటి తగ్గినా సంజాయిషీ రాయాలి. తీసుకున్నన్ని తూటాలూ తిరిగొచ్చిన రోజే ఆ ఇంట్లో మంచి రోజు. సీమకూ అంతే.