కోడి దిగిన మైదానం

2012 మే 7. ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్‌. వాన కురుస్తున్న సాయంత్రం. ఈవుడ్ పార్క్ స్టేడియంలో బ్లాక్‌బర్న్ రోవర్స్‌కీ విగాన్‌కీ ఫుట్‌బాల్ మ్యాచ్. ఓడితే రోవర్స్ ప్రీమియర్ లీగ్ నుంచి కింది డివిజన్‌కి పోయినట్టే. అంతలో... మైదానంలోకి ఓ కోడి వచ్చింది! ఒంటికి క్లబ్బు జెండా కట్టి మరీ ఎవరో వదిలారు.

కోడే ఎందుకంటారా? క్లబ్బు యజమానులది కోళ్ల వ్యాపారం కాబట్టి. అదీ మన దగ్గర పుట్టిందే. 1971లో బి.వి.రావు హైదరాబాద్‌లో ప్రారంభించిన వెంకటేశ్వర హేచరీస్ తర్వాత పుణె కేంద్రంగా పెరిగింది. ఆ 'వెంకీస్' సంస్థే 2010 నవంబరులో దాదాపు 2.3 కోట్ల పౌండ్లకు రోవర్స్‌ను కొనుక్కుంది.

మాంచెస్టర్‌లో రైలెక్కితే గంటలోపే బ్లాక్‌బర్న్ చేరుకోవచ్చు. బారులు తీరిన ఇటుక ఇళ్లు, ఊరి మధ్యనుంచి పోయే కాలువ... ఒకప్పటి నూలు మిల్లుల ఊరని చూడగానే తెలిసిపోతుంది. స్పిన్నింగ్ జెన్నీని తయారుచేసిన జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఈ చుట్టుపక్కలవాడే. ఈ లాంకషైర్ మిల్లుల గుడ్డ మన నేతగాళ్ల నోటి దగ్గర కూడు లాగేస్తే, మన విదేశీ వస్త్ర బహిష్కరణ ఇక్కడివాళ్ల పనులమీద దెబ్బకొట్టింది. అయినా 1931లో గాంధీజీ పక్కనే ఉన్న డార్వెన్‌కి వచ్చినప్పుడు మిల్లు కార్మికులే చుట్టూ చేరి జేజేలు పలికారు!

మిల్లులు పోయాక ఊరికి మిగిలిన గొప్ప... రోవర్స్. 1875లో పుట్టిన క్లబ్బు. ఊరి జనాభా లక్ష పైచిలుకు. స్టేడియంలో సీట్లేమో 31 వేలు! స్థానిక ఉక్కు వ్యాపారి జాక్ వాకర్ డబ్బు గుమ్మరించి ఆటగాళ్లను తెస్తే 1994-95లో ఏకంగా ఛాంపియన్లయ్యారు. ఆ ఏడాది అలన్ షియరర్ లీగ్‌లో కొట్టినవి 34 గోల్స్. వాకర్ 2000లో చనిపోయారు. స్టేడియం బయట ఆయన విగ్రహం ఉంది.

అలాంటి ఊరు 2011-12లో ఏం చూసిందో చెప్పాలి. సెప్టెంబరులో ఆర్సెనల్‌ను 4-3తో ఓడించారు. ఫిబ్రవరిలో అదే ఆర్సెనల్ చేతిలో 7-1తో చిత్తయ్యారు. నైజీరియా ఆటగాడు యాకుబు ఒక్కడే 17 గోల్స్ కొట్టాడు. ఆ ఒక్కడూ లేకపోతే ఏమయ్యేదో! కోచ్ స్టీవ్ కీన్‌ను తీసేయమని స్టాండ్స్‌లో వారం వారం గోల. యజమానులు వినలేదు. ఆట అర్థంచేసుకోకుండా క్లబ్బు కొన్నారన్నది అభిమానుల కోపం. అందులో న్యాయం లేకపోలేదు. కొన్న కొన్ని వారాలకే, అనుభవజ్ఞుడైన కోచ్ శామ్ అలార్‌డైస్‌ను సాగనంపింది వాళ్లే మరి.

ఆ సీజన్‌లో ఒక్కరోజు మాత్రం ఊరు ఇప్పటికీ మర్చిపోదు. 2011 డిసెంబరు 31... మాంచెస్టర్ యునైటెడ్ కోచ్ అలెక్స్ ఫెర్గూసన్ 70వ పుట్టినరోజు. పట్టికలో అట్టడుగునున్న రోవర్స్ ఆయన సొంత మైదానంలోనే 3-2తో గెలిచింది! యాకుబు రెండు, 20 ఏళ్ల కుర్రాడు గ్రాంట్ హాన్లీ ఒకటి. సీజన్ చివర యునైటెడ్, మాంచెస్టర్ సిటీ చెరో 89 పాయింట్లతో సమానమైతే గోల్స్ తేడాతో కప్పు సిటీకి దక్కింది. బ్లాక్‌బర్న్‌తో ఆ మ్యాచ్ కనీసం డ్రా అయ్యుంటే కప్పు యునైటెడ్‌దే!

కోడి దిగిన ఆ రాత్రి 87వ నిమిషంలో విగాన్ డిఫెండర్ అల్కరాజ్ తలతో గోల్ కొట్టాడు. 0-1. చివరికి 31 పాయింట్లతో 19వ స్థానం. వరసగా పదకొండేళ్లు ఆడిన లీగ్ నుంచి రోవర్స్ దిగిపోయింది. 2017లో మరో మెట్టు కిందికి జారి, మరుసటి ఏడాదే పైకొచ్చింది. ప్రీమియర్ లీగ్‌లోకి మాత్రం మళ్లీ అడుగుపెట్టలేదు. మ్యాచ్ రోజున ఆ ఊరెళితే, నీలం తెలుపు సగం సగం చొక్కాలేసుకున్న తాతామనవళ్లు వాకర్ విగ్రహం ముందునుంచే లోపలికి నడుస్తూ కనిపిస్తారు.