గోడమీది జింక

ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాటి కీసర దారి పడితే నాగారం వస్తుంది. ఒకప్పటి పల్లె, నేడు నగరంలో కలిసిపోయింది. అక్కడ ఒక మిత్రుని ఇంట గోడకు కృష్ణజింక పుర్రె కనిపించింది. తాతగారి నాటి వేట ఫలమట! పొగచూరి పచ్చబడింది.

"దీన్ని తెల్లగా చేయడం ఎలాగండీ?" అని ఇల్లాలు అడిగారు.

మార్గం లేకపోలేదు. ఉడకబెట్టరాదు, ఎముక పెళుసెక్కుతుంది. బ్లీచింగ్ పొడి అసలే కూడదు, ఎముకను తినేస్తుంది. సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్ళలో, కొమ్ములు తడవకుండా, రోజుల తరబడి నానబెట్టి జిడ్డు వదిలించాలి. ఆపైన పలుచని హైడ్రోజన్ పెరాక్సైడు పట్టించి, కడిగి ఆరబెట్టాలి. కొమ్ములకు ఆ మందు సోకితే నల్లని నిగ్గు పోతుంది.

అయితే తెల్లబరచడానికి ముందు తెలుపవలసింది ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇటువంటి పుర్రెకు యాజమాన్య పత్రం ఉండాలి. వారసత్వంగా పొందినవారు 90 రోజులలోగా అటవీశాఖకు తెలియజేయాలి. అమ్మకం నిషిద్ధం. తాతగారు పోయి ఏళ్ళు గడిచాయి. ఆ ఇంట కాగితం మాట ఎవరికీ గుర్తులేదు. ముందు దాన్ని వెదకాలి. దొరకకపోతే అటవీశాఖ వారికి ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. పుర్రెకు మెరుగు ఆ తరువాతి మాట.

ఈలోగా పిల్లలను వెంటబెట్టుకొని ఉప్పల్ మీదుగా వనస్థలిపురం వెళ్ళి రండి. ఒకనాటి నిజాం వేటస్థలమే 1975లో మహావీర్ హరిణ వనస్థలి అయింది. మెలికల కొమ్ములెత్తి గంతులేసే మగజింకను చూసిన కళ్ళకు, గోడమీది జింక ఎంత తెల్లనిదైనా వెలవెలబోతుంది.