నెమ్మది పరుగు

మా మాచర్లలో పరుగెత్తాలంటే తెల్లవారకముందే లేవాలి. దగ్గరున్న రెంటచింతల ఎండలకు పేరుమోసిన ఊరు, మాదీ ఆ గాలే. వేడిలో ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో ఒంట్లో నీరు తగ్గుతుంది. అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. అందుకే సంక్రాంతి చలిలో వచ్చిన వేగాన్ని రోహిణి కార్తెలో వెతుక్కోను. నడివయసులో పరుగు మొదలుపెట్టినవాళ్లు చాలామంది ఈ పోలిక దగ్గరే నీరుగారిపోతారు. నాకు అది చూస్తే బాధేస్తుంది.

వయసుది ఇంకో లెక్క. గుండె, ఊపిరి కొన్ని వారాల్లో దారికొస్తాయి. మడమ పైనుండే స్నాయువు గట్టిపడటానికి నెలలు కావాలి. అందుకే ఆయాసం లేకుండా పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగం చాలు.

వెనకబడటం పెద్ద కోచ్‌కూ తప్పలేదు. 1962లో బిల్ బోవర్‌మన్ అనే అమెరికన్ కోచ్ న్యూజిలాండ్ వెళ్లాడు. ఒలింపిక్ స్థాయి పరుగువీరులను తీర్చిదిద్దినవాడు, అప్పటికి వయసు 51. అక్కడి కోచ్ ఆర్థర్ లిడియార్డ్ ఆయన్ని మామూలు జనంతో కలిసి పరుగుకు తీసుకెళ్లాడు. బోవర్‌మన్ వెనకబడిపోయాడు. డెబ్బై దాటిన ఒక పెద్దాయన వేగం తగ్గించి ఆయనకు తోడుగా వచ్చాడు. బోవర్‌మన్ ఇంటికెళ్లి తన ఊళ్లో పెద్దవాళ్లకు జాగింగ్ నేర్పాడు, దానిమీద పుస్తకం కూడా రాశాడు.

ఈ కథలో నాకు కోచ్ కంటే ఆ పెద్దాయనే ఇష్టం. మా ఊరి చంద్రవంక వాగు వైపు కొత్తగా ఎవరైనా పరుగుకు వస్తే, ఆయాసం తీరేదాకా వాళ్ల పక్కనే నడుస్తాను.