పలువరుస: పసితనము మొదలు ముదిమి దనుక

ఇంటిలో ఏ వస్తువునకు తుప్పు పట్టినదో, ఏ పెట్టెకు చెద పట్టినదో మన గృహిణులకు చక్కగ దెలియును. బియ్యములో పురుగు కనబడిన నాడే చెఱిగి యెండబోయుదుము. ఇత్తడి బిందె నల్లబడినచో చింతపండుతో తోమి తళతళలాడింతుము. కాని యింటివారి నోళ్లలో నేమి జరుగుచున్నదో తొంగిచూచు నలవాటు మనలో మిక్కిలి యరుదు. పన్ను సలుపుట మొదలైన పిమ్మటనే లవంగముకై పోపులపెట్టె వెదకుదుము. దొంగలు పడిన యాఱునెలలకు కుక్కలు మొఱిగిన చందము గదా యిది! సోదరీమణులారా, ఈ విషయమున మేము చదివినదియు, వైద్యులవలన విన్నదియు, మా యూర కన్నులార చూచినదియు మీతో ముచ్చటింపదలచితిమి.

మేము కాపురముండు రామతీర్థము బోధికొండ, గురుభక్తులకొండల నీడ నున్న పల్లె. శివరాత్రికిని, శ్రీరామనవమికిని చుట్టుప్రక్కల యూళ్లనుండి జనము తండోపతండములుగ వచ్చును. జీళ్లు, ఖర్జూరములు, రంగురంగుల మిఠాయిలు కొనిపెట్టని తల్లి యుండదు. మా వారు బడిపంతులు. జాతర ముగిసిన మఱునాడు తరగతిలో ఇద్దఱో ముగ్గురో పిల్లలు దవడ పట్టుకొని కన్నీరు గార్చుచు కూర్చుందురని ఆయన ప్రతియేట చెప్పుచుందురు. ఆ పన్ను జాతరనాడు పుచ్చినది కాదు. అంతకు మున్నే పుచ్చి, జీడి తగులగానే బయటపడినది.

చిన్ననాట మా తండ్రిగారు మాకు ఇంటనే కావ్యములతోపాటు కొంత వైద్యగ్రంథమును గూడ చెప్పిరి. సుశ్రుతుడు దంతకాష్ఠము 12 అంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును ఉండవలెననెను. చేదుపుల్లలలో వేపయు, వగరుపుల్లలలో చండ్రయు, తీపివానిలో ఇప్పయు, కారపువానిలో కానుగయు మేలైనవని విడివిడిగ నిర్ణయించెను. నాలుక గీచుకొనుటయు, నోరు పుక్కిలించుటయు దినచర్యలో చేర్చెను. పూర్వులు నోటిశుద్ధిని స్నానముతో సమానముగ నెంచిరనుటకు ఇంతకన్న సాక్ష్యమేల? నేటికిని లేతవేపపుల్లను మెత్తగ నమలి, చిగుళ్లు గీచుకొనకుండ తోముకొనువారికి అపకారము లేదు. కాని బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక కలిసిన కచ్చిక మాత్రము పన్నును అరుగదీయును. పంటిపైనుండు పింగాణివంటి పొర మన దేహమునందెల్ల కఠినమైన పదార్థము. అయినను ఒకసారి అరిగినచో ఎముకవలె మరల పెరుగదు. అంట్లు తోమినట్లు పండ్లను తోమరాదు.

పన్ను పుచ్చుటకు పురుగు కారణమని మనవారి నమ్మకము. పురుగు లేదు గాని, కంటికగపడని సూక్ష్మజీవులు కలవు. అవి పంటికంటిన పాచిలో నివసించును. మనము తిన్న తీపిని అవియును తిని ఆమ్లమును విడుచును. ఆ పులుపు పంటిపొరను కొంచెము కొంచెముగ కరగించును. మన లాలాజలము దానిని విఱిచి, పొరను మరల గట్టిపఱచుటకు యత్నించును. అందులకు అరగంటయో, అంతకు మించియో పట్టును. కావున ఎంత తీపి తింటిమనుటకన్న ఎన్నిమాఱులు తింటిమనునదే ముఖ్యము. భోజనముతోపాటు ఒక్కసారి తిన్న అరిసె కంటె గంటగంటకు చప్పరించు బిళ్లయే ఎక్కువ చెఱుపు చేయును. నిద్రవేళ లాలాజలము తగ్గును గనుక పడుకొనుటకు ముందు పండ్లు తోముకొనుట ఉదయపు తోముడు కంటెను ముఖ్యమైనది. మన యిండ్లలో తప్పిపోవుచున్నది సరిగ అదియే.

ఇక వయస్సు ననుసరించి చెప్పుదము. శిశువునకు ఇంచుమించు 6వ నెలలో తొలిపన్ను మొలచును. పైచిగురున ముందుగ మొలచినచో మేనమామకు గండమని మన పెద్దలు కలత చెందుదురు. ఏ చిగురున మొలచినను మేనమామకు వచ్చిన భయమేమియు లేదు. పన్ను రాకముందే పాలు త్రాగించిన పిదప తడిగుడ్డతో చిగుళ్లు తుడుచుచుండవలెను. పాలసీసా నోటబెట్టి నిద్రపుచ్చుటయు, ఏడ్పు మాన్పుటకు తేనె నాకించుటయు మానవలెను. రాత్రియెల్ల పాలలో నానిన ముందుపండ్లు రెండేండ్లు నిండకయే నల్లబడి విఱిగిపోవుట మేము పలుయిండ్ల చూచితిమి.

మూడవయేటికి 20 పాలపండ్లును వచ్చును. “ఊడిపోవు పండ్లకు వైద్యమేల?” అను మాట తల్లుల నోట తఱచు వినబడును. పాలపన్ను క్రిందనున్న పన్నునకు చోటు కాచియుంచు కావలివాడు. అది వేళకు ముందే పోయినచో ప్రక్కపండ్లు జరిగి, రావలసిన పన్ను వంకరగ వచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి గలదు. 6వ యేట దవడల చివర, ఏ పన్నును ఊడకయే, నాలుగు పెద్దపండ్లు మొలచును. అవి పాలపండ్లని భ్రమించి తల్లులు ఉపేక్షింతురు. నూఱేండ్లు నమలవలసిన పండ్లవి! ఊడిన పాలపంటిని పేడలో చుట్టి ఇంటికప్పుపై విసరు వేడుక యట్లే యుండనిండు. ఆనాడే వెనుకనున్న క్రొత్తపంటినిగూడ వేలుపెట్టి చూడుడు.

మూడేండ్లలోపు పిల్లలకు బియ్యపుగింజంత, ఆపైన ఆఱేండ్ల వఱకు బఠాణిగింజంత పేస్టు చాలును. అది ఫ్లోరైడు కలది కావలెను. పిల్లవాడు తానే తోముకొందునని మారాము చేసినను ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు తల్లి మరల ఒకసారి తోమవలెను. ఆటలో పడి పెద్దపన్ను వేరుతో సహ ఊడివచ్చినచో దానిని పారవేయరాదు. వేరును తాకక పైభాగమును పట్టి, మన్నుంటినచో నీటిలో ఒక్కసారి ముంచి, దాని గుంటలోనే నిలుపవలెను. అది సాధ్యము కానిచో చల్లని పాలలో వేసి గంటలోపల దంతవైద్యుని యొద్దకు పరుగెత్తవలెను. ఆ పన్ను మరల నాటుకొను నవకాశము గలదు. పాలపంటి కీ చికిత్స వర్తింపదు.

ఫ్లోరైడన్నంతనే కొందఱు సోదరీమణులు బెదరుదురు. అది నిష్కారణము కాదు. 1937వ సంవత్సరమున నాటి నెల్లూరుజిల్లా పల్లెలలో బావినీటి ఫ్లోరైడువలన పండ్లు గారలు కట్టి, ఎముకలు వంగిపోవుటను వైద్యులు లోకమునకు తెలియజేసిరి. నల్లగొండ పల్లెల దురవస్థ అందఱెఱిగినదే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించిన ఫ్లోరైడు ఏండ్లతరబడి త్రాగినచో కీడు. పేస్టులోనిది మ్రింగుటకు గాదు, పంటికంటి ఉమియుటకు. ఉప్పు కూరకు ప్రాణమే గాని గుప్పెడు పోసినచో నోట బెట్టజాలము గదా!

గర్భిణులలో చిగుళ్లు వాచి, తోమినపుడు నెత్తురు చిమ్ముట సాధారణము. అది దేహమున కలుగు మార్పులవలన, పాచి చేరుటవలన వచ్చును. “కాన్పున కొక పన్ను” అనుకొని ఊరకుండుట తగదు. కడుపులోని బిడ్డ తల్లిపంటినుండి సున్నము లాగుకొనదు. వేవిళ్లతో వాంతియైన వెంటనే పండ్లు తోమరాదు. ఆ పులుపున పొర మెత్తబడియుండును. నీటితో పుక్కిలించి, అరగంట తాళి తోముకొనవలెను. చికిత్స అవసరమైనచో నాలుగవ నెల మొదలు ఆఱవ నెల వఱకు అనుకూలకాలము. కోడలు నోరు తెఱచి చెప్పుకొనలేని బాధలలో పంటిబాధ యొకటి. అత్తగారే ముందుగ నడుగుట మర్యాద.

నడివయస్సున పండ్లు పోవుటకు పుచ్చు కంటెను చిగుళ్లవ్యాధి పెద్దకారణము. పాచి గట్టిపడి గార యగును. గారక్రింద చిగురు జాఱి, ఎముక కరగి, పన్ను కదలును. గార తీయించినచో పండ్లు వదులగునని యొక యపోహ. వదులైన పండ్లను అంతవఱకు గార పట్టి నిలిపినందున అట్లు తోచును. పైపన్ను తీయించినచో కంటిచూపు పోవుననుటయు వట్టిమాట. మధుమేహము గలవారికి చిగుళ్లవ్యాధి త్వరగ ముదురును. చిగుళ్లు చెడినచో మధుమేహము అదుపు తప్పును. ఈ రెండును ఒకదానికొకటి ఊతమిచ్చుకొను దుష్టమిత్రులు.

ఇపుడు మా ప్రాంతపు స్త్రీలను ప్రత్యేకముగ పట్టిపీడించు నలవాటును గూర్చి చెప్పక తీఱదు. విజయనగరము, శ్రీకాకుళము, విశాఖపట్టణము జిల్లాల పల్లెలలో స్త్రీలు చుట్టను వెలుగుచున్న కొనను నోటిలోపల నుంచుకొని కాల్చుదురు. దీనిని అడ్డపొగ యందురు. గాలికి ఆఱిపోదనియు, పనిచేయుచునే కాల్చవచ్చుననియు వారి సమాధానము. నిప్పుసెగయు పొగయు నేరుగ అంగిలికి తగులును. డెన్మార్కు దేశపు దంతవైద్యుడు పిండ్‌బోర్గు, మనదేశపు మెహతా మున్నగువారు ఆంధ్రపల్లెలలో 10,169 మంది నోళ్లను పరీక్షించి 1971లో ప్రకటించిన పరిశీలన ఈ యలవాటునకును అంగిలిపై వచ్చు మచ్చలకు, పుండ్లకును గల సంబంధమును లోకమున కెల్ల వెల్లడించెను. అవి కొందఱిలో కేన్సరుగ మాఱును.

మా యింటికి పాలు తెచ్చు ముసలమ్మ యొకనాడు మేము పెట్టిన ఆవకాయ ముద్దను తినలేక ప్రక్కకు నెట్టినది. కారము తగిలినచో అంగిలి మండుచున్నదనెను. నోరు తెఱువుమని వెలుతురున చూచితిమి. అంగిలి సున్నము పూసినట్లు తెల్లబడి, నడుమ ఎఱ్ఱని చుక్కలు, ఒకచోట పుండు. ఎన్నాళ్లనుండి యని యడుగగా, పోయిన పండుగనాటినుండి యనెను. చుట్ట మానుమంటిమి. “నాకేటవుద్ది పంతులమ్మగారూ! మాయమ్మ కాల్సింది, మాయత్త కాల్సింది. సుట్ట నేకపోతే పొద్దెలా గడుస్తాది?” అని నవ్వినది. మేము నవ్వలేకపోతిమి. “మీ యమ్మ యెట్లు పోయెను?” అని యడిగితిమి. ఆమె చాలసేపు మాటలాడలేదు. “గొంతు దిగక పోనాది” అని మెల్లగ ననెను.

మఱునాడే మా వారును మేమును ఆమెను విజయనగరము తీసికొనిపోతిమి. వైద్యులు చిన్నముక్క తీసి పరీక్షకు పంపిరి. ఆ ఫలితము వచ్చు వఱకు ఆమె పాలు తెచ్చి, చెంబు చేతికిచ్చి, మామొగము వంకనే చూచుచు నిలుచుండెడిది. దైవవశమున అది కేన్సరు కాలేదు. చుట్ట మానక తప్పదనియు, ఏటేట చూపించుకొనవలెననియు వైద్యులు చెప్పిరి. ఆమె పూర్తిగ మానుటకు చాలనెలలు పట్టినది. నేటికిని ఆరిన చుట్ట యొకటి చెవిసందున నుండనిదే ఆమెకు తోచదు. అయిననేమి? ఇంతకు మునుపు తన చుట్ట వెలిగించి తెమ్మని పొయ్యికడకు పంపుచుండిన మనుమరాలిని ఇపుడు పంపుట లేదు. ఆ పిల్ల చేతికి ఆ నిప్పు అందకపోవుటే మాకు పరమలాభముగ తోచినది.

ఒడిశా సరిహద్దున గుడాకుతో పండ్లు తోముకొను నలవాటొకటి గలదు. అందులోను పొగాకే యున్నది. పండ్లపొడులలో, పేస్టులలో పొగాకు చేర్చుటను మన ప్రభుత్వము 1992లో నిషేధించెను. నోటిలో తెల్లమచ్చ గాని, ఎఱ్ఱమచ్చ గాని, రెండుమూడు వారములైనను మానని పుండు గాని కనబడినచో నొప్పి లేకున్నను వైద్యునికి చూపవలెను. నొప్పి లేకపోవుటయే దాని మోసము.

వృద్ధులకు పండ్లు పోవుట విధివిలాసము కాదు. పోయినచో కట్టుడుపండ్లు పెట్టించుట విలాసమును గాదు. నమలలేని ముసలివారు పప్పును, కాయగూరలను మాని, గంజితో కడుపు నింపుకొని కృశింతురు. కట్టుడుపండ్లను రాత్రి తీసి, తోమి, నీటిలో నుంచవలెను. అవి ఒఱసి పుండు చేసినచో సరిచేయించుకొనవలెను.

ఇంటికి చేయవలసినది స్వల్పము. దినమునకు రెండుసారులు, రెండేసి నిమిషములు తోముకొనుట, మూడునెలల కొకసారి బ్రష్షు మార్చుట, తీపిని భోజనవేళకు కట్టడి చేయుట, ఏటికొకసారి దంతవైద్యుని చూచుట. వీనికితోడు నెలకొక ఆదివారమున వీధియరుగుపై వెలుతురున పసివానినుండి పెద్దమ్మగారి వఱకు అందఱిని వరుసగ కూర్చుండబెట్టి నోరు తెఱువుమనుడు. నాలుక క్రింద, బుగ్గల లోపల, అంగిలిపైన చూడుడు. ఇంటిలో ఎవరికిని చూపక దాచుకొనిన బాధ యేదైన నున్నచో ఆనాడు బయటపడును. పిదప మీ నోరును వారికి చూపుట మఱువకుడు. ఇంటిల్లిపాదిని కనిపెట్టు నిల్లాలిని కనిపెట్టువారును ఒకరుండవలెను గదా!