గ్లాని: హర్షం తరిగిన అలసట

‘లాసిట్యూడ్’ అనే ఆంగ్లపదం నేటి సంభాషణలలో అరుదు; పాత నవలలలో, వైద్యగ్రంథాలలో తరచుగా కనిపిస్తుంది. ‘అలసిన’ అనే అర్థం గల ‘లాసుస్’ అనే లాటిన్ శబ్దం దానికి మూలం. శ్రమించినవాడికి కలిగే అలసట ‘ఫెటీగ్’. తగిన శ్రమ లేకుండానే దేహాన్ని, మనస్సును ఆవరించే నిస్త్రాణకు లాసిట్యూడ్ అన్నదే సరైన పేరు.

ఈ భేదం మన శాస్త్రాలకు క్రొత్త కాదు. ఆయాసం లేకుండానే పెరిగి, ఇంద్రియాల వ్యాపారానికి అడ్డుపడే శ్రమను సుశ్రుతసంహిత ‘క్లమం’ అన్నది. పతంజలి మహర్షి యోగసూత్రాలలో (1.30) తొమ్మిది అంతరాయాలను చెబుతూ స్త్యానాన్ని, ఆలస్యాన్ని వేర్వేరుగా పేర్కొన్నారు. చిత్తం కార్యోన్ముఖం కాలేకపోవడం స్త్యానం. దేహచిత్తాల బరువు వల్ల పూనుకోకపోవడం ఆలస్యం.

వీటన్నిటికంటె గంభీరమైన శబ్దం గ్లాని. గీతలో (4.7) భగవానుడు ధర్మం విషయంలో వాడినది ఈ మాటే. శంకర భగవత్పాదులు అక్కడ దానికి ‘హాని’ అని అర్థం చెప్పారు. అయితే ధాతుపాఠం ‘గ్లై’ ధాతువుకు ఇచ్చిన అర్థం హర్షక్షయం. ఆచారం నిలిచి ఉండగానే అందులోని ఆనందం ఇంకిపోవచ్చు. గ్లాని అక్కడే మొదలవుతుంది.

నూజివీడు ప్రాంతపు మామిడి రైతుకు ఈ స్థితి చెట్టులో తెలుసు. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు సరిగా పూయదు. కాయలను పోషించడంలో దాని నిల్వలు కరిగిపోతాయి; క్రొత్త చిగుళ్లకు పూతనిచ్చే శక్తి చాలదు. రైతు దానిని సోమరి అనడు, నరికివేయడు. కోతలు ముగిశాక ఎండుకొమ్మలు తీసి, తొలకరికి దున్ని, పశువుల ఎరువు వేసి వేచి ఉంటాడు.

జపం శుష్కమైనప్పుడు సాధకుడు తనను పాపిగా నిందించుకుంటాడు. ఆ నింద మిగిలిన హర్షాన్ని కూడా హరిస్తుంది. ముందుగా తనకు కలిగినది ఆలస్యమా, గ్లానియా అని వివేచించాలి. ఆలస్యానికి పూనిక ఔషధం. గ్లానికి విశ్రాంతి, సత్సంగం, మితమైన నియమం ఎరువు. పతంజలి చెప్పిన అంతరాయాలలో మొదటిది వ్యాధి. కనుక దేహం నిజంగా క్షీణిస్తుంటే వైద్యుని ఆశ్రయించడమూ సాధనలో భాగమే. మాల పట్టిన చేయి నూటయెనిమిది మార్లు తిరగలేని దినాన పది మార్లు ప్రీతితో తిరిగినా చాలు.